ఇన్సులిన్ వేసుకుంటున్నా షుగర్ దిగడం లేదా? మళ్లీ అదుపులోకి తెచ్చుకునే క్రమం, మెట్టు మెట్టుగా

"ఇన్సులిన్ మానకుండా వేసుకుంటున్నాను, అయినా షుగర్ 300 దగ్గరే ఉంటోంది. ఎన్ని యూనిట్లు పెంచుకోమంటారు?" చాలామంది ఇదే అడుగుతున్నారు. నా జవాబు అందరికీ ఒకటే: యూనిట్లు పెంచడం చివర్లో చేయాల్సిన పని. దానికి ముందు చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటి తప్పినా, పెంచిన యూనిట్లు పనిచేయకుండా పోతాయి. లేదంటే ఒకరోజు ఒక్కసారిగా పనిచేసి మనిషిని పడేస్తాయి.

ఇది ఇన్సులిన్ వాడే పెద్దవాళ్ల కోసం రాసింది, టైప్ 1 అయినా టైప్ 2 అయినా. గర్భిణులకు, చిన్నపిల్లలకు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు లెక్కలు వేరు. వాళ్లు ప్రతి మార్పూ డాక్టరును అడిగే చేయాలి. మిగతావాళ్లు కూడా మోతాదు మార్పులను తమ డాక్టరు ఒప్పుకున్న హద్దుల్లోనే చేసుకోవాలి. ఇక్కడి షుగర్ అంకెలన్నీ మి.గ్రా./డె.లీ.లో ఉన్నాయి. మీ మీటరు మిల్లీమోల్స్‌లో చూపిస్తే ఆ అంకెను 18తో గుణించండి.

## 1. ముందు ఇది ఎమర్జెన్సీ కాదని తేల్చుకోండి

కింది వాటిలో ఏదైనా ఉంటే ఈ వ్యాసం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి:

- షుగర్ 250 దాటి, దానితోపాటు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం లేదా నోటినుంచి పండిన పండు లాంటి వాసన
- రక్తంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వును కరిగించినప్పుడు పుట్టే ఆమ్లాలు) లీటరుకు 3.0 మిల్లీమోల్స్ లేదా ఎక్కువ, లేదా మూత్రం కీటోన్ స్ట్రిప్ మీద ముదురు రంగు
- షుగర్ 600 దరిదాపుల్లో ఉండి, మగతగా, మాట తడబడుతూ, నాలుక ఎండిపోయి ఉండటం
- ఎన్ని నీళ్లు తాగినా నిలవకుండా వాంతి అయిపోవడం

కీటోన్లు 1.5 నుంచి 3.0 మధ్య ఉంటే అదే రోజు, వీలైతే అదే గంటలో డాక్టరుతో మాట్లాడాలి. 0.6 లోపు ఉంటే మామూలే.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఈ మందుల మీద ఉన్నప్పుడు షుగర్ 200 లోపు ఉన్నా కీటోన్లు ప్రమాదస్థాయికి చేరవచ్చు. కాబట్టి వాంతులు, ఆయాసం ఉంటే మీటరు అంకె చూసి ధైర్యం తెచ్చుకోకండి. కీటోన్లు పరీక్షించుకోండి.

## 2. మీ అంకెలు ఏవో కాగితం మీద పెట్టండి

గర్భం లేని చాలామంది పెద్దవాళ్లకు సాధారణంగా పెట్టే లక్ష్యాలు ఇవి:

- పరగడుపున, భోజనానికి ముందు: 80 నుంచి 130
- తినడం మొదలుపెట్టిన ఒకటి రెండు గంటలకు: 180 లోపు
- హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే ల్యాబు పరీక్ష): 7 శాతం లోపు
- ఒంటికి సెన్సర్ పెట్టుకుంటే: రోజులో 70 శాతానికి పైగా సమయం 70–180 మధ్య, 70 కంటే తక్కువలో 4 శాతం లోపు

వయసు పైబడినవాళ్లకు, గుండె లేదా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, తరచూ షుగర్ పడిపోయేవాళ్లకు డాక్టర్లు హెచ్‌బీఏ1సీలో 8 శాతం వరకూ వదులు ఇస్తారు. అలా ఇచ్చారంటే మిమ్మల్ని వదిలేశారని కాదు. మీకు షుగర్ పెరగడంకంటే పడిపోవడమే పెద్ద ప్రమాదమని అర్థం. పక్కింటివాళ్ల అంకెతో పోల్చుకోకండి.

హెచ్‌బీఏ1సీ 9 శాతం అంటే రోజువారీ సగటు సుమారు 212. 8 అంటే 183, 7 అంటే 154. మీ మీటరు సగటు, ల్యాబు అంకె ఈ లెక్కకు చాలా దూరంగా ఉంటే కారణం వెతకాలి. మీరు షుగర్ పెరిగే వేళల్లో చూసుకోవడం లేదేమో. రక్తహీనత, ఇటీవల రక్తం ఎక్కించుకోవడం, కిడ్నీ జబ్బు కూడా ఆ ల్యాబు అంకెను తప్పుదోవ పట్టిస్తాయి.

## 3. మొదలుపెట్టే ముందు దగ్గర ఉండాల్సినవి

- గ్లూకోమీటరు, గడువు దాటని స్ట్రిప్పులు (రోజుకు నాలుగైదు సార్లకు సరిపడా)
- సరిపడా కొత్త సూదులు, వాడినవి పడేయడానికి గట్టి మూత ఉన్న డబ్బా
- గ్లూకోజ్ మాత్రలు లేదా పొడి: మంచం పక్కన, సంచిలో, బండిలో, మూడు చోట్లా
- కీటోన్ స్ట్రిప్పులు (టైప్ 1 వాళ్లకు తప్పనిసరి)
- ఒక నోటు పుస్తకం, పెన్ను
- డాక్టరు లేదా డయాబెటిస్ నర్సు ఫోన్ నంబరు, రాత్రివేళ ఎవరిని పిలవాలో ఆ నంబరు కూడా
- ఇంట్లో ఒక మనిషికి లో షుగర్ వస్తే ఏం చేయాలో నేర్పి ఉంచడం

చివరిదాన్ని చాలామంది దాటేస్తారు. మాట పడిపోయాక మీరు నేర్పలేరు.

## 4. మీటరు నిజం చెబుతోందా?

చేతులు సబ్బుతో కడుక్కుని, పూర్తిగా తుడుచుకుని, వేలి పక్క భాగంలో గుచ్చండి. పండు కోసిన చేత్తో పరీక్షిస్తే 130 ఉన్న షుగర్ కూడా చాలా ఎక్కువగా కనిపిస్తుంది. నమ్మలేని అంకె వస్తే కడుక్కుని మళ్లీ చూడండి. ఆ తర్వాతే ఇన్సులిన్ గురించి ఆలోచించండి.

స్ట్రిప్ డబ్బా మూత తీసి వదిలేస్తే తేమకు స్ట్రిప్పులు పాడవుతాయి. సెన్సర్ వాడేవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి: అది కొలిచేది రక్తంలోని గ్లూకోజ్ కాదు, చర్మం కింది ద్రవంలోది. షుగర్ వేగంగా మారేటప్పుడు అది కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. సెన్సర్ ఉన్న పక్కకు ఒత్తిగిలి పడుకుంటే లేని లో షుగర్ ఉన్నట్టు అలారం మోగుతుంది. ఒంట్లో అనిపించేదానికి, తెర మీది అంకెకు పొంతన లేకపోతే వేలు గుచ్చి చూడటమే మార్గం.

## 5. ఇన్సులిన్ ఒంట్లోకి సరిగ్గా వెళ్తోందా?

ఇక్కడ ఓపిగ్గా ఉండండి. మోతాదు చాలడం లేదనుకునేవాళ్లలో ఎంతోమందికి అసలు చిక్కు ఈ మెట్టులోనే దొరుకుతుంది.

### 5.1 గడ్డలు వెతకండి

స్నానం చేసేటప్పుడు సబ్బు చేతులతో పొట్ట మీద, తొడల మీద, మీరు రోజూ సూది వేసుకునే చోట మెల్లగా నిమరండి. ఒకచోట చర్మం కింద మెత్తటి రబ్బరులా, పక్క చర్మంకంటే కాస్త మందంగా తగులుతుంది. కంటికి కనిపించకపోవచ్చు, వేళ్లకు తెలుస్తుంది. నొప్పి ఉండదు. నొప్పి లేదు కాబట్టే చేయి అలవాటుగా అక్కడికే పోతుంది, గడ్డ మరింత పెరుగుతుంది.

ఆ కొవ్వు గడ్డలోకి వెళ్లిన ఇన్సులిన్ ఒకరోజు సగమే పనిచేస్తుంది, మరోరోజు ఆలస్యంగా ఒక్కసారే పనిచేస్తుంది. ఒకే తిండి, ఒకే మోతాదు, అయినా ఈరోజు 280, రేపు 65. ఇలా అంతుపట్టకుండా ఊగిసలాడే షుగర్‌కు మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఏం చేయాలి:

- గడ్డ చుట్టూ రాసే పెన్నుతో గీసుకోండి. నెలల తరబడి ఆ గీతలోపల సూది వేయకండి.
- కొత్తచోటుకు మారే ముందు డాక్టరును అడిగి మోతాదు కాస్త తగ్గించుకోండి. మంచి చర్మంలో అదే మోతాదు పూర్తిగా పనిచేసి షుగర్ పడిపోవచ్చు. మారిన మొదటి వారం ఎక్కువసార్లు పరీక్షించుకోండి.
- పొట్టను నాలుగు భాగాలుగా అనుకుని వారానికొక భాగం వాడండి. ఒక సూదికి ఇంకో సూదికి మధ్య కనీసం ఒక సెంటీమీటరు, సుమారు ఒక వేలు వెడల్పు, ఎడం ఉండాలి.
- సూది ఒక్కసారికే. మళ్లీ మళ్లీ వాడిన సూది మొన చెడి గడ్డలను పెంచుతుంది.

### 5.2 ఇన్సులిన్ పెన్ను వేసే పద్ధతి

1. కొత్త సూది బిగించండి.
2. 2 యూనిట్లు తిప్పి, సూది పైకి పెట్టి నొక్కండి. మొన దగ్గర చుక్క కనిపించాలి. కనిపించకపోతే మళ్లీ చేయండి. చుక్క రానంతవరకు ఆ పెన్ను ఎంత ఇస్తోందో మీకు తెలియదు.
3. మోతాదు తిప్పి, నిట్టనిలువుగా గుచ్చండి. 4 మిల్లీమీటర్ల సూది లావుగా ఉన్నవాళ్లకూ సరిపోతుంది.
4. బటన్ పూర్తిగా నొక్కి, మనసులో పది అంకెలు లెక్కపెట్టి తీయండి. వెంటనే లాగేస్తే ఇన్సులిన్ చర్మం మీదే కారిపోతుంది.
5. సూది తీసేసి పెన్ను మూత పెట్టండి. సూది తగిలించే ఉంచితే గాలి చేరుతుంది, ఇన్సులిన్ కారుతుంది.

పాలలా తెల్లగా ఉండే ఇన్సులిన్ (ఎన్‌పీహెచ్, లేదా రెండు రకాలు ముందే కలిపిన ప్రీమిక్స్) అయితే అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేసి, అంతా ఒకే తెలుపులోకి వచ్చాక వేసుకోవాలి. కలపకుండా వేస్తే ఒకరోజు పలచన, ఒకరోజు చిక్కన. గట్టిగా కుదపకండి.

### 5.3 సీసా, సిరంజి జత కుదిరిందా?

సీసాతో వేసుకునేవాళ్లు ఇది ఈరోజే చూసుకోవాలి. యూ-40 సీసాలో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు, యూ-100లో 100 యూనిట్లు ఉంటాయి. దేని సిరంజి దానికే. యూ-100 ఇన్సులిన్‌ను యూ-40 సిరంజితో లాగితే అనుకున్నదానికి రెండున్నర రెట్లు ఒంట్లోకి పోతుంది. ప్రాణం మీదికి వచ్చే పొరపాటు అది. తిరగేసి చేస్తే సగంకంటే తక్కువే వెళ్తుంది, షుగర్ ఎందుకు దిగడం లేదో నెలలు గడిచినా అర్థం కాదు. మూత రంగును నమ్ముకోకండి, సీసా మీద, సిరంజి మీద రాసిన అంకెలు చదవండి.

### 5.4 నిల్వ

తెరవనివి ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రీజర్‌కు దూరంగా. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. వాడుతున్నది ఎండ తగలని చల్లని చోట బయటే ఉంచవచ్చు. చాలా రకాలకు తెరిచాక 28 రోజులే గడువు, కొన్నింటికి ఇంకాస్త ఎక్కువ. కాగితం చూసి, తెరిచిన తేదీ పెన్ను మీదే రాయండి. ఎండలో ఆపిన బండిలో వదిలేసిన పెన్నును నమ్మకండి. కొత్త పెన్ను తెరవగానే షుగర్ దిగిందంటే పాతది పాడైందనే లెక్క.

### 5.5 వేళ

రెగ్యులర్ ఇన్సులిన్, దానితో చేసిన ప్రీమిక్స్ భోజనానికి అరగంట ముందు పడాలి. లిస్‌ప్రో, అస్పార్ట్, గ్లూలిసిన్ వంటి వేగంగా పనిచేసేవి 10–15 నిమిషాల ముందు. తిన్నాక గుర్తొచ్చి వేసుకుంటే తిండి ముందు పరుగెత్తుతుంది, ఇన్సులిన్ వెనక పడుతుంది: రెండు గంటలకు 270, ఐదు గంటలకు 70. ఇలాంటి జత అంకెలు కనిపిస్తే మోతాదు ముట్టుకోకండి, వేళ సరిచేయండి. అయితే భోజనానికి ముందు షుగర్ ఇప్పటికే 70–80 దగ్గర ఉంటే ఎదురుచూడకుండా తినడం మొదలుపెట్టాలి.

## 6. మూడు నాలుగు రోజులు ఏదీ మార్చకుండా రాయండి

ఐదో మెట్టులో దొరికిన తప్పులు దిద్దుకున్నాక, మోతాదు కదపకుండా మూడు నాలుగు రోజులు రాయాలి. షుగర్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు ఆగడం కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ రోజుకోసారి మోతాదు మారిస్తే ఏ మార్పుకు ఏ ఫలితం వచ్చిందో ఎవరికీ అర్థం కాదు, మీ డాక్టరుకు కూడా. ఈలోగా షుగర్ 70 కిందికి పడినా, 300 దిగకపోయినా ఆగకుండా ఫోన్ చేయండి.

రాయాల్సినవి:

- పరగడుపు, ప్రతి భోజనానికి ముందు, తిన్న రెండు గంటలకు, పడుకునే ముందు షుగర్
- కనీసం రెండు రాత్రులు అలారం పెట్టుకుని, రాత్రి మూడింటికి ఒకసారి
- వేసుకున్న యూనిట్లు, వేసుకున్న అసలు సమయం, శరీరంలో ఏ చోట
- ఏం తిన్నారు, సుమారు ఎంత
- నడక, జ్వరం, నిద్ర పట్టకపోవడం, నెలసరి, కొత్త మందులు

వేసుకోవడం మర్చిపోయిన డోసును కూడా నిజాయితీగా రాయండి. అది దాస్తే డాక్టరు లేని లోటుకు మోతాదు పెంచుతారు, మీరు అన్ని డోసులూ వేసుకున్న రోజున షుగర్ పడిపోతుంది.

ఇప్పుడు రాత్రి అంకెలు ఎలా చదవాలో చూద్దాం. పడుకునే ముందు, రాత్రి మూడింటికి, ఉదయం, ఈ వరసలో:

250 – 245 – 240. రాత్రంతా గీతలా ఉంది. దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ తన పని చేస్తోంది. తప్పు రాత్రి భోజనం దగ్గర ఉంది.

140 – 150 – 215. తెల్లవారుజామున హార్మోన్లు పెరిగి, కాలేయం గ్లూకోజ్ వదిలింది. చాలామందిలో జరిగేదే. ఇన్సులిన్ రకాన్ని గానీ, వేళను గానీ మార్చాలేమో డాక్టరును అడగాలి.

150 – 62 – 190. ఇది చాలా ప్రమాదకరమైన వరస, ఎందుకంటే ఉదయం ఒక్కసారే చూసుకునేవాళ్లకు 190 మాత్రమే కనిపిస్తుంది. "ఇంకా ఎక్కువే ఉంది" అని రాత్రి డోసు పెంచుతారు, మరుసటి రాత్రి 62 కాస్తా 45 అవుతుంది. ఇక్కడ పెంచకూడదు, తగ్గించాలి.

130 – 185 – 240. గంట గంటకూ ఎక్కుతోంది. దీర్ఘకాలం పనిచేసేది చాలడం లేదు, లేదా పడుకునే ముందు తిన్న కొవ్వు ఎక్కువున్న తిండి నెమ్మదిగా అరుగుతోంది. ఆలస్యంగా తినని రాత్రి కూడా ఇలాగే ఉంటే మోతాదు చూడాలి.

230 – 140 – 85. ఉదయం అంకె ముచ్చటగా ఉంది, కానీ రాత్రికి రాత్రి 145 పడింది. రాత్రి భోజనం డోసు చేయాల్సిన పనిని దీర్ఘకాలపు ఇన్సులిన్ మీద వేశారు. తినకుండా పడుకున్న రోజున ఇది ముంచుతుంది.

## 7. మొదట లో షుగర్లను ఆపండి

షుగర్ ఎక్కువగా ఉండటం గురించి చదవడానికి వచ్చినవాళ్లకు ఇది అడ్డంగా అనిపించవచ్చు. కానీ క్రమంలో మొదట రావాల్సింది ఇదే. ఒకసారి పడిపోతే భయంతో ఎక్కువ తింటాం, తర్వాతి డోసు తగ్గిస్తాం, షుగర్ మళ్లీ 300. ఆ గుండ్రంలోంచి బయటికి రావాలంటే కిందికి పడే చోటును ముందు మూసేయాలి.

70 కంటే తగ్గితే లో షుగర్. 54 కంటే తగ్గితే తీవ్రమైనది. అప్పుడు చేయాల్సింది:

1. వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకోండి. అందుబాటులో లేకపోతే మూడు నాలుగు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి, లేదా అర గ్లాసు పండ్ల రసం. అకార్బోస్, వోగ్లిబోస్ మాత్రలు వాడేవాళ్లకు పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజే తీసుకోవాలి.
2. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ 15 గ్రాములు.
3. షుగర్ పెరిగాక, భోజనానికి ఇంకా చాలా సమయం ఉంటే కొంచెం ఏదైనా తినండి.
4. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, గ్లూకగాన్ (షుగర్‌ను పెంచే అత్యవసర మందు) ఉంటే ఇచ్చి, అంబులెన్సును పిలవాలి.

చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు గ్లూకోజ్‌ను ఆలస్యం చేస్తుంది. ఆ పావుగంట ఆగడం చాలా కష్టం, ఒళ్లంతా వణుకుతూ తినమని తొందరపెడుతుంది. అందుకే ముందే 15 గ్రాములు కొలిచి చిన్న పొట్లాలుగా కట్టుకుని పెట్టుకోండి. చేయి డబ్బాలోకి కాకుండా పొట్లం మీదికి పోతుంది.

కారణం తెలియకుండా పడిపోతే, ఆ లో షుగర్‌కు కారణమైన డోసును సాధారణంగా 10–20 శాతం తగ్గిస్తారు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు ఇన్సులిన్‌తోపాటు నడుస్తుంటే అవి అవసరమా అని డాక్టరును అడగండి.

చెమట, వణుకు లేకుండానే 50ల్లోకి పోతున్నారా? ఇది తప్పక చెప్పాల్సిన విషయం. తరచూ పడిపోయే ఒళ్లు హెచ్చరించడం మానేస్తుంది. కొన్ని వారాలపాటు ఒక్క లో షుగర్ కూడా రాకుండా చూసుకుంటే చాలామందికి ఆ హెచ్చరికలు తిరిగి వస్తాయి. అప్పటిదాకా లక్ష్యాన్ని కాస్త పైకి జరపాలి, బండి నడిపే ముందు ప్రతిసారీ చూసుకోవాలి, 90 లోపు ఉంటే తిని ఆగాకే బయల్దేరాలి.

## 8. తర్వాత పరగడుపు షుగర్

ఉదయం 200తో మొదలైతే రోజంతా ప్రతి అంకె దాని మీదే కూర్చుంటుంది. అందుకే మొదట దించాల్సింది దీన్ని.

చాలామంది డాక్టర్లు ఇచ్చే పద్ధతి ఇలా ఉంటుంది: దీర్ఘకాలపు ఇన్సులిన్‌ను మూడు రోజులకోసారి 2 యూనిట్ల చొప్పున, పరగడుపు అంకె లక్ష్యంలోకి వచ్చేదాకా పెంచడం, మధ్యలో 70 కిందికి పడితే ఆపి తగ్గించడం. మీకు ఇదే చెప్పారో లేదో కనుక్కుని, రాయించుకోండి. డెగ్లుడెక్ వంటివి ఒంట్లో ఒకరోజుకు మించి ఉంటాయి, మార్పు ఫలితం పూర్తిగా కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది. వాటితో తొందర అసలు కుదరదు.

ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి. దీర్ఘకాలపు ఇన్సులిన్ ఒంటి బరువులో కిలోకు అర యూనిట్ దాటిందా (అంటే 70 కిలోలకు 35 యూనిట్లు), పడుకునే ముందు అంకెకు, ఉదయం అంకెకు మధ్య 50కి మించి పడుతోందా, అయినా హెచ్‌బీఏ1సీ దిగలేదా? అయితే ఇంకా పెంచడం దారి కాదు. సమస్య భోజనాల దగ్గర ఉంది, తొమ్మిదో మెట్టుకు వెళ్లాలి.

## 9. భోజనం తర్వాత అంకెలు

ఒక్కసారికి ఒక్క భోజనం. ఏ భోజనం తర్వాత ఎక్కువగా ఎగురుతోందో దాన్ని పట్టుకోండి.

మొదట తిండిలోని పిండి పదార్థాన్ని స్థిరంగా ఉంచండి. పూర్తిగా మానేయమని చెప్పడం లేదు. రోజుకో తీరుగా తింటే స్థిరమైన డోసు సరిపోదు. వారంపాటు ఆ ఒక్క భోజనాన్ని అదే గిన్నెతో కొలిచి తినండి. కూర, ప్రోటీను ముందు తిని పిండి పదార్థం చివర్లో తింటే చాలామందిలో షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది.

అప్పటికీ తగ్గకపోతే ఆ భోజనం డోసు సంగతి డాక్టరుతో తేల్చుకోండి. భోజనానికి లెక్కగట్టి ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు మొదటి అంచనా ఇలా కడతారు: 500ను రోజు మొత్తం యూనిట్లతో భాగించాలి. రోజుకు 50 యూనిట్లు వాడితే, ఒక యూనిట్ సుమారు 10 గ్రాముల పిండి పదార్థానికి సరిపోతుంది. ఇది మొదలుపెట్టడానికే, మీ పుస్తకంలోని అంకెలే దాన్ని దిద్దుతాయి.

ప్రీమిక్స్ వాడేవాళ్లకు ఇక్కడ స్వేచ్ఛ తక్కువ. ఒక భాగం పెంచితే రెండో భాగమూ పెరుగుతుంది. భోజనం మానేసి ప్రీమిక్స్ వేసుకుంటే షుగర్ పడిపోతుంది, ఆలస్యంగా తిన్నా అంతే. వేళలు కుదరని జీవితమైతే, బేసల్ (దీర్ఘకాలపు) డోసు, భోజనం డోసులు విడివిడిగా వేసుకునే పద్ధతి గురించి అడగండి.

## 10. పెరిగిన షుగర్‌ను దించే అదనపు డోసు

1800ను రోజు మొత్తం యూనిట్లతో భాగిస్తే, వేగంగా పనిచేసే ఇన్సులిన్ ఒక యూనిట్ ఎంత దించుతుందో సుమారుగా తెలుస్తుంది. రోజుకు 45 యూనిట్లు వాడితే 40. లక్ష్యం 120 పెట్టుకుని 240 ఉంటే 3 యూనిట్లు. రెగ్యులర్ ఇన్సులిన్‌కు 1500తో లెక్క. డాక్టరు ఈ లెక్కను మీకు ఖరారు చేసేదాకా వాడకండి.

అసలు తప్పు లెక్కలో రాదు, ఓపికలో వస్తుంది. మూడింటికి 6 యూనిట్లు, నాలుగింటికి ఇంకా 280 ఉందని మరో 6, ఐదింటికి మరో 4. ఏడింటికి అన్నీ కలిసి ఒకేసారి లాగుతాయి. వేగంగా పనిచేసేది కూడా ఒంట్లో మూడు నుంచి ఐదు గంటలు ఉంటుంది, రెగ్యులర్ ఇంకా ఎక్కువ. నాలుగు గంటలు దాటకుండా రెండో అదనపు డోసు వద్దు. పడుకునే ముందు అయితే డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప అసలు వద్దు.

## 11. దిగేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుంది

ఈ భాగం ఎవరూ ముందే చెప్పకపోవడంవల్ల చాలామంది మధ్యలో మానేస్తారు.

110కే వణుకు. నెలల తరబడి 300కు అలవాటుపడిన ఒంటికి 110 కూడా తక్కువగా తోస్తుంది. చెమట, దడ, ఆకలి అన్నీ నిజంగానే వస్తాయి. పరీక్షించండి. 70 పైనే ఉంటే కూర్చుని కొంచెం నీళ్లు తాగండి, గ్లూకోజ్ అక్కర్లేదు. వారాల్లో సర్దుకుంటుంది.

చూపు మసక. కంటి లెన్స్‌లో నీటి శాతం మారడంవల్ల కొన్ని వారాలు మసకగా ఉండవచ్చు. షుగర్ నిలకడపడేదాకా కొత్త కళ్లజోడు కొనకండి. ఉన్నట్టుండి నల్లటి మచ్చలు, తెర కప్పినట్టు ఉంటే అది వేరు, అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి.

కాళ్లలో మంటలు. ఏళ్లపాటు ఎక్కువగా ఉన్న షుగర్‌ను కొద్ది వారాల్లో బాగా దించేస్తే కొందరిలో నరాల నొప్పి మొదలవుతుంది, కంటి రెటీనా జబ్బు తాత్కాలికంగా ముదురుతుంది. అందుకని హెచ్‌బీఏ1సీ 10 పైన ఉన్నవాళ్లు దించడం మొదలుపెట్టే ముందే రెటీనా పరీక్ష చేయించుకోండి. పరుగు వద్దు, నెలల మీద దించండి.

అవసరం తగ్గిపోవడం. ఎక్కువ షుగర్ ఉన్నంతకాలం ఇన్సులిన్ సరిగ్గా పట్టదు. అది దిగాక అదే మోతాదు బలంగా పనిచేస్తుంది. రెండు మూడు వారాలకు ఉన్నట్టుండి 80లు, 75లు కనిపిస్తే తగ్గించాల్సిన సమయం వచ్చింది, ఆ రోజే ఫోన్ చేయండి.

## 12. లెక్క తప్పే రోజులు

జ్వరం, వాంతులు. తినడం లేదని దీర్ఘకాలపు ఇన్సులిన్ ఆపకూడదు, ముఖ్యంగా టైప్ 1 వాళ్లు. జబ్బు షుగర్‌ను పెంచుతుంది. రెండు నాలుగు గంటలకోసారి షుగర్, కీటోన్లు చూడండి, గంటగంటకూ నీళ్లు తాగండి. డాపాగ్లిఫ్లోజిన్ కుటుంబం మాత్రలు అప్పుడు ఆపాలేమో అడగండి.

స్టెరాయిడ్లు. ప్రెడ్నిసోలోన్ ఉదయం వేసుకుంటే మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా షుగర్ పెరుగుతుంది, పరగడుపున బాగానే ఉంటుంది. మోతాదు తగ్గించేటప్పుడు ఇన్సులిన్ కూడా వెంట తగ్గాలి. కీళ్లలోకి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా కొన్ని రోజులు పెంచుతుంది.

వ్యాయామం. ప్రభావం ఆ రాత్రిదాకా, కొన్నిసార్లు మరుసటి రోజుదాకా ఉంటుంది. మొదలుపెట్టే ముందు 90 లోపు ఉంటే కొంచెం తినండి. 250 దాటి కీటోన్లు ఉంటే ఆ పూట వద్దు.

మద్యం. కాలేయం గ్లూకోజ్ తయారుచేయడాన్ని ఆపేస్తుంది, లో షుగర్ నిద్రలో వస్తుంది. ఖాళీ కడుపుతో వద్దు, ఒంటరిగా వద్దు.

కారణం లేకుండా నిలిచిపోయిన షుగర్. పళ్ల చిగుళ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్, పాదాల మీద పుండు, థైరాయిడ్ చూపించుకోండి. చిగుళ్ల జబ్బు నయమయ్యాక కొందరిలో షుగర్ కాస్త దిగవచ్చు. కిడ్నీలు దెబ్బతింటుంటే మాత్రం ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. మీరేమీ మార్చకుండానే షుగర్ పడిపోవడం మొదలైతే క్రియాటినిన్ పరీక్ష చేయించండి.

## 13. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు

- అంకెల పుస్తకం, మీటరు రెండూ
- వాడుతున్న ఇన్సులిన్, సూది, సిరంజి. వాటితో ఎలా వేసుకుంటారో అక్కడే చేసి చూపించండి, పొట్ట మీద గడ్డలను చేత్తో తడిమి చూడమని అడగండి
- లో షుగర్లు ఎన్నిసార్లు, ఏ వేళ, హెచ్చరిక తెలిసిందా లేదా
- మూలికలు, పొడులతో సహా తీసుకుంటున్న మందులన్నీ

అడిగి రాయించుకోవాల్సిన ప్రశ్నలు: ఏ అంకె దాటితే పెంచాలి, ఎన్ని యూనిట్లు, ఎన్ని రోజులకోసారి? ఏ అంకెకు తగ్గించాలి? ఏ అంకెకు ఫోన్ చేయాలి? ఒక డోసు మర్చిపోతే ఎన్ని గంటలలోపు వేసుకోవచ్చు?

హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటు కాబట్టి మార్పులు మొదలుపెట్టిన మూడు నెలలకు చేయించండి, అంతకుముందు చేయిస్తే పాత రోజులే ఎక్కువ కనిపిస్తాయి. అది లక్ష్యంలోకి వచ్చి, నెలరోజులుగా లో షుగర్లు లేకపోతే రోజుకు వేలు గుచ్చుకునే సంఖ్యను ఎంతకు తగ్గించవచ్చో డాక్టరును అడగండి. గడ్డలను తడిమి చూసుకోవడం మాత్రం నెలకోసారైనా ఉండాలి.